మేడ మీది మేస్టారి హంతకులు

అమలాపురంలో మా మేడ మీద అద్దెకున్న మేస్టారు అపరాధ పరిశోధన నవలలు రాసేవారు. నేను పనసపొట్టు కొడుతుంటే గడప మీద కూచుని చదివి వినిపించేవారు. ఆఖరి అధ్యాయం ముందు ఆగి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఎవరండీ హంతకుడు?" అని అడిగేవారు. నేను టక్కున చెప్పేస్తే ఆయన మొహం మాడిపోయేది.

"ఇంత సులువా అక్కయ్యగారూ!" అంటూ మేడెక్కి హంతకుణ్ణి మార్చేసేవారు. ఎన్నిసార్లు మార్చినా ప్రచురణకర్తల దగ్గర్నుంచి నవలలు తిరుగుటపాలో వచ్చేసేవి.

ఒక నవలలో కొబ్బరి వర్తకుణ్ణి చంపింది కాంపౌండరేనన్నాను. ఆయన పట్టుబట్టి ఆ నేరాన్ని వర్తకుడి మేనత్త మీదికి నెట్టారు. అది నేనూ ఊహించలేదు. మేస్టారి ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ నవలకే ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ముసలావిడ చంపిందంటే ఎవరూ నమ్మరు, కాంపౌండర్ని హంతకుణ్ణి చేస్తేనే అచ్చు వేస్తామన్నాడు. మేస్టారు రెండు పూటలు అన్నం మానేసి, చివరికి ఒప్పుకున్నారు.

పుస్తకం రాగానే మొదటి ప్రతి నాకే తెచ్చిచ్చారు.

"ఇన్నాళ్లకి అచ్చయ్యింది కదండీ మేస్టారూ! మొహం అలా పెట్టేరేంటండీ?"

"ఆయ్, సంతోషమేనండీ. అట్ట మీద పేరు నాదే. లోపల హంతకుడు మాత్రం మీవాడండీ."