తెలుగు బొమ్మ వచ్చిన ఆదివారం

ఉగాది: మా తెలుగు సంఘం సంచికలో, ఈ బెంగాలీ పట్టణంలో ఒకప్పుడు ఆదివారం తెలుగు సినిమా ఆటలకు జనాన్ని కూడగట్టిన మహిళల పేర్లు అచ్చువేశారు. నా భార్య పేరు లేదు.

రథయాత్ర మర్నాడు: కారణం అడుగుతూ కార్యదర్శికి లేఖ ఇచ్చాను. జవాబు రాలేదు.

వినాయక చవితి: పందిట్లో నలుగురి ముందు ఆయన్నే అడిగాను. "ప్రసాదం తీసుకోండి మాస్టారూ" అన్నారు.

దసరా: పూజా సంచికలో కొత్త వాక్యం చేర్చారు. పెద్దల సినిమా వచ్చిన ఆ ఆదివారం మన ఆడవాళ్ళెవరూ హాలుకు వెళ్ళలేదట.

వెళ్ళారు. వాళ్ళ వెనక నేనూ ఉన్నాను.

అప్పట్లో మేము ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. తెలుగు సినిమా ఎప్పుడో ఒకసారి వచ్చేది, అదీ ఆదివారం ఉదయం ఒక్క ఆట. శనివారం సాయంత్రం నా భార్య సందుసందూ తిరిగి "రేపు తెలుగు బొమ్మ" అని చెప్పివచ్చేది. ఏ బొమ్మ అని అడిగే అలవాటు ఎవరికీ లేదు. పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో సినిమాలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పోస్టరు మీద తెలుగు అక్షరాలుంటే మాకు చాలు, మూలనున్న ఆ ముద్రను పట్టించుకున్నదెవరు?

గేటు దగ్గర టిక్కెట్లు చూసే బెంగాలీ ఆయన చేయి అడ్డం పెట్టాడు. "మాసీమా, యే ఫ్యామిలీ పిక్చర్ నహీ హై."

"తెలుగే గదా దాదా? సాల్లే గానీ, తప్పుకో" అంటూ మా పక్కింటి పెద్దావిడ పులిహోర డబ్బాతో లోపలికి నడిచింది.

తెర మీద వాన, తడిసిన చీర, మూసిన తలుపు. ఆ తలుపు దగ్గర ఆగాల్సిన కెమెరా ఆగకుండా లోపలికి వెళ్ళింది. ఇప్పటి సబ్బు ప్రకటనల పక్కన పెడితే అది హరికథే. ఆ రోజు మాత్రం కొంగులన్నీ ముఖాల మీదికి వచ్చాయి. విశ్రాంతికి ఆడవాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు.

నా భార్య లేవలేదు. "కతేటో తెల్కుండా మజ్జిలో లెగిసిపోడమేటండీ?" అంది. నేనూ కూర్చున్నాను. రెండో సగంలో కథానాయిక, తనను అనుమానించి కొట్టిన భర్తను అందరి ముందూ నిలదీసి, గడప దాటి వెళ్ళిపోతుంది.

బయటికి వస్తే సైకిల్ స్టాండు దగ్గర ఆ ఆడవాళ్ళందరూ నిలబడే ఉన్నారు.

"ఒలే, తరవాతేటయ్యిందే?"

"ఇందాకా సిగ్గన్నారు గదా పిన్నీ!"

"సిగ్గింటికాడుంది గానీ, సెప్పే వేగిరం!"

ఖరిదా బజారు దాటేదాకా ఆమె చెబుతూనే ఉంది, వాళ్ళు కడుపుబ్బ నవ్వుతూ వింటూనే ఉన్నారు. సాయంత్రానికి మగవాళ్ళకు సంగతి తెలిసింది. ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: "ఆవిడే లాక్కెళ్ళింది." తరవాతి తెలుగు బొమ్మకు ముందటి శనివారం నా భార్యకు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, మళ్ళీ ఏ సందులోకీ వెళ్ళలేదు.

ఆ సినిమా పేరు నేడు ఎవరికీ గుర్తులేదు. ఇది రాస్తుంటే నా భార్య మునక్కాడలు తరుగుతూ అంది, "బొమ్మే పోనాది, ఇంకెందుకండీ ఈ రాతలు?"

"బొమ్మ పోతే పోయింది. నువ్వున్నావు కదా?"

ఆమె చేతిలోని మునక్కాడ తరిగి పళ్ళెంలో వేసింది. తరవాత, "అయితే ఒకటి రాయండి. గడప దాటినప్పుడు ఆ అమ్మి ఏడవలేదు" అంది.

రాశాను. ఇక కార్యవర్గం వారు చెప్పవలసినవి: పూజా సంచికలోని ఆ వాక్యాన్ని ఏ ఆధారంతో చేర్చారు? ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగి హాలు నింపిన మనిషి పేరును ఎవరి మాట మీద తీసేశారు? జాబితాను ఆమె పేరుతో తిరిగి ఎప్పుడు అచ్చువేస్తారు? పందిట్లో చెప్పే నోటిమాటను నేను అంగీకరించను. కార్యదర్శి సంతకంతో లిఖితపూర్వకమైన జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. కవరు మీద నా పేరు వద్దు, ఆమె పేరు రాయండి.