రాని బాకీకి పంచిన లడ్డూలు

వెంకటనారాయణ బాకీ ఎగ్గొట్టే మనిషి కాదు. జల్‌పల్లిలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు, ఒక్క అతని కంపెనీ తప్ప.

లాడ్ బజార్‌లోని తాతలనాటి గాజుల దుకాణం వాటాల్లో అన్నకు పోతే, ఇతను జల్‌పల్లి వచ్చి ఇంటి ముందుగదిలో ప్లాట్లు అమ్మిపెట్టే ఆఫీసు తెరిచాడు. సొంత పేరుతో కాదు, షేర్ మార్కెట్‌లో ఉన్న ఓ పెద్ద కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుని. ఆ బోర్డు చూసే జనం నమ్మి గడప తొక్కేవారు. బోర్డు వాడుకున్నందుకు నెలనెలా ఫీజు కట్టాలి. ఏడాదిగా ప్లాట్లు కదలక ఫీజు పేరుకుపోయింది. బోర్డు పోతే బతుకుతెరువు పోయినట్టే. చివరికి భార్య నాగమణమ్మ బంగారు గాజులు తాకట్టు పెట్టి, సోమవారం మొత్తం కట్టేద్దామని డబ్బు తెచ్చి బీరువాలో పెట్టాడు.

ఆదివారం పొద్దున కూతురు రశ్మి ఫోన్‌లో కంపెనీ ఏడాది లెక్కలు చదువుతూ అరిచింది.

"బాపూ, మూడు నెలలు దాటిన ఫ్రాంచైజీల బాకీలన్నీ ఇగ రావని కంపెనీ నష్టం కింద రాసేసుకున్నదంట!"

"రాసేసుకున్నరా? నిజంగనేనా?"

ఇక్కడే వెంకటనారాయణ పప్పులో కాలేశాడు. వాళ్ల నాన్న దీపావళికి కొత్త పద్దు తెరిచేటప్పుడు, రాని బాకీని దేవుడి పేరున రాసేసి, ఆ మనిషిని దుకాణానికి పిలిచి నోరు తీపి చేసేవాడు. ఆ తర్వాత ఆ ఊసెత్తడం పాపం. రాసేయడమంటే వదిలేయడమేనని ఇతనికి చిన్నప్పుడే ఒంటబట్టింది. ఎవరినైనా అడగొచ్చు కదా? అడగలేదు. సంతోషం పట్టిన మనిషికి అడగాలని తోస్తుందా!

బీరువాలో డబ్బు తీసుకుని తాకట్టు కొట్టుకు పరుగెత్తి గాజులు విడిపించాడు. కొట్టు గుండయ్య నోట్లోనే మొదటి లడ్డూ పెట్టాడు.

"కంపెనీ మాఫ్ చేసింది గుండన్నా!"

వీధంతా పంచాడు. నాగమణమ్మ లక్క గాజులు తీసేసి బంగారువి తొడుక్కుంది.

సోమవారం కంపెనీ నుంచి దీక్షిత్ వచ్చాడు. వెనకాల నిచ్చెన పట్టుకుని ఇద్దరు. వెంకటనారాయణ ఎదురెళ్లి లడ్డూల డబ్బా చాపాడు.

"మస్తు పెద్ద మనసు సార్ మీ కంపెనీది. నా బాకీ రాసేసిన్రు."

దీక్షిత్ కొరికిన లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

"మాఫీ ఎవరు చేసిన్రు అంకుల్? రాకపోవచ్చని ముందే నష్టం లెక్క కట్టుకున్నం, గంతే. బాకీ మీ మీదనే ఉన్నది. సాయంత్రం లోపల కట్టకుంటే బోర్డు దించాలె."

వెంకటనారాయణ లడ్డూల డబ్బాకు మూత వేసి బల్ల మీద పెట్టేశాడు.

"నేను ఇయ్యనని ఎన్నడన్న అన్ననా? నన్ను ఒక్క మాట అడగకుండ గట్లెట్ల రాసుకున్నరు?"

"మిమ్మల్ని చూసి కాదంకుల్. మూడు నెలలు దాటితే ఎవరికైనా గట్లనే రాస్తరు."

అప్పు నెత్తిమీదే ఉందన్నదానికంటే ఆ మాటకే అతను ఎక్కువ బిత్తరపోయాడు. పెళ్లాం చేతి గాజులు కుదువబెట్టి డబ్బు కూడబెడుతున్న రోజునే, వాళ్ల లెక్కలో తను ఎగ్గొట్టినవాడు!

లోపలి నుంచి నాగమణమ్మ అంతా విన్నది. గాజులు తీసి లడ్డూల డబ్బా మూత మీద పెట్టింది.

ఆ గాజులే మళ్లీ కనబడేసరికి గుండయ్య నోరెళ్లబెట్టాడు.

"ఏంది సేఠ్, నిన్ననే కదా నోరు తీపి చేస్తివి?"

వెంకటనారాయణ తలెత్తలేదు.

"జల్ది తూకం వెయ్యి గుండన్నా. నేను ఇయ్యనని రాసిపెట్టుకున్నరు. సాయంత్రం లోపల ఇచ్చిరావాలె."