ఎర్ర బెండు

రోజూ పొద్దున్నే టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టకముందే ఈనోక్ పెల్లింగ్ నిన్నటి రొట్టె అంచు ఒకటి కోటు జేబులో వేసుకుని వంతెన మీదికి వెళ్ళేవాడు. టోపీ తీసి పిట్టగోడ మీద పెట్టి, కళ్ళు మూసుకుని దేవుడితో నాలుగు మాటలు చెప్పుకునేవాడు. తర్వాత రొట్టె తుంచి కింద ఏట్లోకి వదిలేవాడు. ముక్క సముద్రం వైపు సాగిపోతే ఆటు. వంతెన కిందుగా దూరి ఎగువన పాత మిల్లు వైపు పోతే పోటు. ఎటూ పోకుండా ఉన్నచోటే మెల్లగా తిరుగుతూ ఉంటే, ఏరు ఊపిరి బిగబట్టి ఆలోచించుకుంటోందన్నమాట. ఎటు పోయినా ఆఖరికి ఆ రొట్టె చేరేది మాత్రం రెల్లు చాటున కాచుకుని ఉండే ముసలి హంస పొట్టలోకే.

"ఆటుపోట్ల వేళలు దుకాణం గోడకి అచ్చువేసి తగిలించారుగా. అది చూస్తే సరిపోదూ?" అని భార్య ఐవీ పెళ్ళయిన కొత్తలో అడిగింది.

"ఆ కాగితం హంసకి తిండి పెడుతుందా?" అన్నాడు ఈనోక్. ఆమె మళ్ళీ అడగలేదు. రొట్టె అంచు మాత్రం రోజూ విడిగా తీసి ఉంచేది.

మార్ల్‌ఫోర్డ్ ఊరి పక్కన పారే వెన్నెట్ చిన్న ఏరు. గట్టిగా గాలం విసిరితే అవతలి గట్టు మీద ఆవుకి తగులుతుంది. అంత చిన్నదైనా సముద్రం పిలిస్తే పరుగెత్తుకు పోతుంది, సముద్రం తోస్తే వెనక్కి వస్తుంది. ఈ రెండు నడకలూ ఈనోక్‌కి తన ఇంటి మెట్లంత తెలుసు.

ఊరి రోడ్లు బాగుచేసే పనిలో అతని జుట్టు నెరిసింది. గుంతలు పూడ్చాడు, కాలువలు తవ్వాడు. ఆదివారం ప్రార్థన మందిరంలో బొగ్గుల పొయ్యి ముందుగా వెలిగించేది అతనే. రాత్రి మంచు గడ్డకట్టిందంటే, ముసలమ్మలు జారిపడకుండా వాలు దారి పొడుగునా బూడిద చల్లి, వాళ్ళు బయటికి వచ్చేసరికి అక్కడ లేకుండా పోయేవాడు. ఇచ్చే చెయ్యే కానీ చాచే చెయ్యి కాదది. ఉద్యోగం మానేశాక కూడా పొరుగువాడిని ఒక నిచ్చెన అరువడిగిన మనిషి కాడు.

అతని గాలం కాలం చలికాలమే. "ఎండల్లో చేప ఎవడికైనా పడుతుంది. కాళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు పడితే అదీ పట్టడం" అనేవాడు. నాచు చచ్చి నీళ్ళు తేరుకున్నాక, వెండి ఒంటికి ఎర్ర రెక్కలు తొడిగినట్టుండే రోచ్ చేపలు ఎగువ నుంచి దిగివచ్చి వంపుల్లోని లోతుల్లో గుంపు కడతాయి. వాటిని పట్టి, నీళ్ళలో వేలాడే పొడుగాటి వల సంచిలో సాయంత్రం దాకా ఉంచి, తూచి, మళ్ళీ ఏటికే వదిలేస్తారు. 'రోజంతా గడ్డకట్టుకుని కూర్చుని ఇంటికి తెచ్చేది తడిసిన ప్యాంటు' అని ఐవీ నవ్వేది. నవ్వుతూనే కాల్చిన బంగాళాదుంపలు రెండు గుడ్డలో చుట్టి అతని కోటు జేబుల్లో చెరొకటి పెట్టేది. మధ్యాహ్నం దాకా అవి చేతులకి కుంపటి, తర్వాత తిండి.

వెన్నెట్ మీద ఇరుగుపొరుగులు పగవాళ్ళుగా ఉండడం కుదరదు. చేపల్ని రప్పించడానికి ఒకడు చల్లిన రొట్టె పిండి ఆటులో కిందివాడి ముందుకి పోతుంది. పోటు వచ్చాక కిందివాడు చల్లినది పైవాడి ముందుకి వస్తుంది. అందుకే ఆ గట్టు మీద తిట్లు ఎక్కువ, కోపాలు తక్కువ. అందరికంటే ఎక్కువ తిట్లు తాపీ మేస్త్రి రెజ్ టప్పెన్‌వి. రెజ్‌కి ఒక తుంటి అరిగిపోయింది. గట్టుకి వెళ్ళే దారిలో కంచె మీదుగా కట్టిన చెక్క మెట్లు ఎక్కాలంటే కష్టం. ఏళ్ళ తరబడి అతని గాలాల బుట్ట మెట్లు దాటించేది ఈనోకే. 'ఇందులో ఇటుకలు మోస్తున్నావా?' అని ఎత్తిపొడుస్తూ దాటించేవాడు. రెజ్ ఒకసారి కూడా దాటించమనలేదు, ఈనోక్ ఒకసారి కూడా మానలేదు.

క్రిస్మస్ మర్నాడు గట్టు మీద పోటీ జరుగుతుంది. గెలిచినవాడికి ఒక పాత రాగి కెటిల్ ఇస్తారు. దాని పొట్ట మీద గెలిచినవాళ్ళ పేర్లు మేకుతో గీకి ఉంటాయి. గెలిచినవాడు మరుసటి ఏడు దాంతో అందరికీ టీ కాచి పొయ్యాలి. ఆ పొట్ట మీద చాలాచోట్ల ఈనోక్ పేరే ఉంది.

ఆ ఏడు ఆకులు రాలే వేళకి ఈనోక్ కళ్ళకి పొర కమ్మింది. ముందు మందిరం గోడ మీది పాటల అంకెలు కరిగిపోయాయి. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తర్వాత ఎదురొచ్చే మనుషుల ముఖాలు. అడుగుల చప్పుడుని బట్టి పేరు పెట్టి పలకరించేవాడు. పొర తీయడానికి వసంతంలో ఆస్పత్రికి రమ్మన్నాడు డాక్టరు. ఒక కన్నైనా బాగుపడవచ్చన్నాడు, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు.

"ఈ ఒక్క చలికాలం మానెయ్యి, ఈనోక్" అంది ఐవీ.

"మానిన వాళ్ళని చూశానుగా. ఫనెల్ ఒక చలికాలం మానాడు. వాడి కోటు ఇంకా మేకుకే వేలాడుతోంది, వాడు మాత్రం సమాధుల దొడ్లో ఉన్నాడు."

"మరి బెండెలా కనిపిస్తుంది?"

"ఏరు తెలిసినవాడికి కళ్ళు రెండో సాయం. ముందు చేతులు" అన్నాడు. ఆ మాట ధైర్యంగానే అన్నాడు. అయినా ఒక పని చేశాడు. గాలం దారానికి కట్టి నీళ్ళ మీద తేల్చడానికి హంస ఈకతో చేసుకున్న పాత బెండు కొసకి, రోడ్డు పనిలో ప్రమాదం పలకలకి వేసే ఎర్ర రంగు డబ్బా అడుగున మిగిలి ఉంటే, గోకి రెండు పూతలు వేశాడు. దాన్ని కిటికీలో పెట్టి గది అవతలి మూల నుంచి చూశాడు. ఎర్రచుక్క కనిపించింది. అదే చాలనుకున్నాడు.

క్రిస్మస్ మర్నాడు గడ్డి మీద తెల్లగా మంచు పరుచుకుంది. ఎవరెక్కడ కూర్చోవాలో టోపీలోంచి చీట్లు తీశారు. ఈనోక్‌కి ముళ్ళపొద పక్కన వంపు వచ్చింది, దానికి ఎగువనే ఉన్న చోటు రెజ్‌కి.

"నా రాత చూడు. ఊళ్ళో ఇంతమంది ఉండగా వీడి పక్కనే పడ్డాను" అన్నాడు రెజ్.

"కూర్చో, కూర్చో. చూసి నేర్చుకోడానికి మంచి చోటు" అన్నాడు ఈనోక్.

పొద్దుట ఆటు. నీళ్ళు నల్లగా ఉన్నాయి, మబ్బు కిందికి దిగి ఉంది. నలుపు మీద ఎర్రచుక్క బాగానే ఆనింది. అది ఆనని చోట బిగువుగా పట్టుకున్న దారమే వేలికి కబురు చెప్పింది. చేపలు పడ్డాయి. అవతలి నుంచి పోస్టు పంచే డాట్ కేక వేసింది. "మామ్మ ఊలు అల్లినట్టు లాగుతున్నావే, మాక్కూడా కాస్త మిగుల్చు." ఈనోక్ ఛాతీ వెడల్పయింది. దేవా, చూశావా, అనుకున్నాడు.

నీళ్ళు నిలిచిన వేళ అందరూ లేచి టీకి చేరారు. కెటిల్ నిరుడు ఈనోక్‌దే కాబట్టి పొయ్యడం అతని వంతు. కప్పు నిండడం చప్పుడుతోనే పసిగట్టి పోశాడు. రెజ్ కప్పు దగ్గర మాత్రం అందరూ నవ్వడంతో చప్పుడు కలిసిపోయింది. టీ పొంగి రెజ్ వేళ్ళ మీద పడింది.

రెజ్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఈనోక్ ముఖంలోకి ఒకసారి చూశాడు. "దేవుడు నీ చెయ్యి పెద్దది చేశాడ్రోయ్ ఈ ఏడు" అని మాత్రం అని, తడిచెయ్యి వెనకాల కోటుకి తుడుచుకున్నాడు.

పోటు మొదలైంది. మబ్బు పలచబడి నీళ్ళన్నీ పాల గిన్నెలా మెరిశాయి. ఈనోక్ గాలం వేశాడు, ఎర్రచుక్కని వెతికి పట్టుకున్నాడు, చూపు దాని మీద నిలిపాడు. చుక్క కదల్లేదు. అటూ ఇటూ వలల చప్పుళ్ళు, నవ్వులు వినిపిస్తున్నాయి. తన చుక్క మాత్రం ధ్యానంలో ఉన్నట్టుంది. పోటుకి చేపలు ముడుచుకున్నాయేమో, తెరుచుకుంటాయిలే అనుకున్నాడు.

ఎగువ నుంచి రెజ్ గొంతు వచ్చింది. "ఏరా ఈనోకూ, చేప పడుతున్నావా, జపం చేస్తున్నావా? ఆ గాలం కర్ర ఎత్తి చూడు, చెదలు పడుతోంది."

ఈనోక్ నవ్వుతూ కర్ర ఎత్తాడు. బరువు. అదీ తాను చూస్తున్న చోట కాదు, ఎంతో ఎగువన, రెజ్ ముందు. చేప మెల్లగా పోరాడుతూ వచ్చింది. పెద్ద రోచ్. చేతివలలోకి తడుముకుంటూ తీసుకుని, తడి అరచేతిలో పట్టి, గాలం వదిలించి సంచిలోకి జార్చాడు. దారం వెంట చెయ్యి జరిపి బెండుని గుప్పిట్లోకి తీసుకున్నాడు. తల ఎత్తాడు.

నీళ్ళలో ఎర్రచుక్క అక్కడే నిలబడి ఉంది.

చేతిలో బెండు. నీళ్ళలో బెండు. ఈనోక్ గుప్పిట్లోది ఇంకోసారి వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. తర్వాత పక్కనున్న ముళ్ళపొద గుర్తొచ్చింది. అడవి గులాబీ కాయ. పొద కొమ్మ ఏటిలోకి వంగి ఉంటుంది, పోటు పొంగినప్పుడు కొసన ఉన్న ఎర్రకాయ ఒక్కటే నీళ్ళ పైన తేలుతుంది. ఇంతసేపూ తాను కాపలా కాసింది ఒక కాయకి. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే మేకుకి వేలాడే ఫనెల్ కోటు కళ్ళ ముందు కదిలింది. అది మాత్రం స్పష్టంగా కనిపించింది.

మళ్ళీ వేశాడు. ఈసారి కళ్ళు మూసుకుని చెవులు తెరిచాడు.

"పడుకున్నావా? ఐవీని దుప్పటి పంపమని చెప్పనా?" అన్నాడు రెజ్. ఈనోక్ ఎత్తాడు. చేప.

"నీకంటే ఆ హంస నయం, మెడైనా తిప్పుతుంది." ఎత్తాడు. చేప.

ప్రతి తిట్టు చివరా ఒక చేప ఉంది. ఇంకొక సంగతి కూడా ఈనోక్ చెవిన పడింది. రెజ్ వైపు నుంచి గాలం పడ్డ చప్పుడు లేదు, వల తడిసిన చప్పుడు లేదు. రెజ్ కర్ర గడ్డి మీద ఉంది. పోటులో ఈనోక్ చల్లిన పిండి అంతా రెజ్ ముందుకే కదా పోతుంది. చేపలు గుంపు కట్టింది అక్కడే. ఏటి ధర్మం ప్రకారం అవి రెజ్‌వి. వాటిని అతను ఒక్కొక్క తిట్టుతో ఈనోక్ గాలానికి అప్పగిస్తున్నాడు.

వెలుతురు తగ్గుతుండగా రొట్టెలు కాల్చే బాటింగ్ త్రాసు పట్టుకుని గట్టు వెంట తూచుకుంటూ వచ్చాడు. అతని వెనకే అందరూ నడిచారు. ఈనోక్ సంచి పైకెత్తబోతే బరువుకి సంచి కట్టిన కర్ర వంగింది. "కెటిల్‌కి మళ్ళీ మీ ఇల్లే గతి" అన్నాడు బాటింగ్.

ఈనోక్ సంచి మూతి కిందికి వంచాడు. వెండి అంతా జలజలా ఏట్లోకి జారిపోయింది.

"ఇదేం పనయ్యా?" అన్నాడు బాటింగ్.

"నాది తూచొద్దు. పొద్దుటివి నేను పట్టినవి. మధ్యాహ్నం నుంచి పట్టినవి ఈ రెజ్ కళ్ళు పట్టినవి. నాకు పొర కమ్మింది. ఇంతసేపూ గులాబీ కాయని చూస్తూ కూర్చున్నాను."

రెజ్ గొణిగాడు. "నేను నోరు పారేసుకున్నాను. తిట్టకూడదని నియమమేమైనా ఉందా?"

"లేదు" అన్నాడు బాటింగ్.

"లేదని నాకూ తెలుసు. కళ్ళొచ్చాక ఆ కెటిల్ మీద పేర్లు చదువుకోవాలి కదా. ఇవాళ గీకిన పేరు దగ్గర నేను సిగ్గుపడి ఆగిపోకూడదు" అన్నాడు ఈనోక్.

కెటిల్ డాట్‌కి వెళ్ళింది. తనకి టీ కాయడం రాదని ఆమె ముందే చెప్పేసింది. ఈనోక్ ఆమె చేతుల్లో కెటిల్ పెట్టి, మూత ఎటు తిప్పితే బిగుస్తుందో చూపించాడు.

మనుషులంతా చెదిరిపోయాక ఇద్దరు ముసలివాళ్ళూ మెట్ల దాకా నడిచారు. ఈనోక్ అలవాటుగా రెజ్ బుట్ట తీసుకున్నాడు. రెజ్ అలవాటు లేకపోయినా ఈనోక్ మోచెయ్యి పట్టుకుని మొదటి మెట్టు మీద పాదం ఆనించాడు. ఒకడికి తుంటి లేదు, ఒకడికి చూపు లేదు. ఇద్దరూ కలిసి ఒక మనిషిలా అవతలికి దిగారు.

ఈనోక్ బుట్ట కింద పెట్టాడు. జేబులో రెండో దుంప ఇంకా గోరువెచ్చగా ఉంది. దాన్ని విరిచి సగం రెజ్ చేతిలో పెట్టాడు. మనసులో దేవుణ్ణి ఒక మాట అడిగాడు. పైకి రెజ్‌ని అడిగాడు. ఎవరినీ ఏదీ అడగని గొంతు కాబట్టి కొంచెం గట్టిగానే పలికింది.

"రెజ్, మార్చిలో ఏటి మీద గాలాలు ఆపేదాకా శనివారాలు నా పక్కన కూర్చుంటావా? నీ కర్ర నువ్వు వేసుకో, గడ్డి మీద పడెయ్యకు. నా బెండు మునిగినప్పుడు మాత్రం చెప్పు. తిట్టే చెప్పు, పర్లేదు."