ఆయన పాట, మా వీధి తలుపు

అక్కా, ఇంకా తేరుకోలేదు నేను. మనం చిన్నప్పుడు వినే ఆ తమిళ పాటల గాయకుడు ఉన్నాడే, నిన్న కోవిల్‌పట్టి టీకొట్టులో ఆయన కొత్త ఆల్బమ్ పెట్టారు. డెబ్బై దాటాక రాసి పాడినవి. ఒక్కటీ తమిళం కాదు, అన్నీ మన ఇంటి తెలుగే! ఆయన కూడా ఈ తమిళనాట మనలా ఇంట్లో తెలుగు మాట్లాడేవాడని ఇన్నేళ్లూ మనలో ఎవరికైనా తెలుసా?

మన విరుదునగర్ వీధిలో మైదా బంక వాసన గుర్తుందా? అగ్గిపెట్టెలకు కాగితాలంటిస్తూ టేప్‌రికార్డర్‌లో ఆయన తమిళ పాటలే వినేవాళ్లం. మధ్యలో నేను తెలుగులో ఏదైనా పాడితే అమ్మ లేచి వీధి తలుపు మూసేది. "బయటోళ్లు నగుతార్రా, మెల్లగా పాడు" అనేది.

ఫోన్‌లో ఆ ఆల్బమ్ కింద ఎవరో "ఇదేం తెలుగు?" అని వెక్కిరించారు. మనవాళ్లేమో కళ్లనీళ్లు ఆగలేదని రాశారు.

ఇంటికొచ్చి అమ్మకు వినిపించాను. "ఆయప్పా మన మాదిరేనా? ఇన్నేండ్లు దాచుకోనుండాడే!" అంటూ పాత అలవాటుకొద్దీ వెళ్లి తలుపు మూసింది.

పాట అయిపోయింది.

"ఇంకోతూరి పెట్టరా, సత్తం బాగా పెంచి పెట్టు" అంది. నేను ఫోన్ అందుకునేలోపే, తనే వెళ్లి తలుపు గడియ తీసింది.