పచ్చజెండా ఊపింది నేనే

రాయపూర్‌లో చింతపండు దొరకదని కాదు. దొరుకుతుంది, సగం గింజలు, పావు పీచు, మిగిలింది వర్తకుడి మొహమాటం. దీని గురించి గంటసేపు మాట్లాడగలను. చాలామందితో మాట్లాడాను కూడా. ఎనిమిదేళ్ళుగా గుండెలో బండలా పడివున్న సంగతి మాత్రం నిన్నటిదాకా ఎవరితోనూ అనలేదు. మీరు నన్నెరగరు. అదొక ధైర్యం.

బి.ఏ. ప్యాసయి, విమానం తోక చూసుకునే ఉద్యోగంలో చేరాను. ఒక బియ్యం మిల్లు సేఠ్ సరదాపడి రెండు సీట్ల చిన్న విమానం కొన్నాడు. నడిపేది మా రైల్వే కాలనీ అప్పల్రాజన్నయ్య, ఇంజను డ్రైవరు కొడుకు. నేను గార్డు కొడుకుని. అందుకని ఇద్దరం దాన్నీ రైలులాగే నడిపేవాళ్ళం. వెనకాల అన్నీ చూసి నేను పచ్చజెండా ఊపాలి, అప్పుడు ఆయన కదలాలి. గార్డు జెండా ఊపాక డ్రైవరు అనుమానపడడం మా ఇళ్ళలో మర్యాద కాదు.

తోకకి నిలువుగా ఒక పలక ఉంటుంది. కాళ్ళకింద పెడళ్ళు తొక్కితే అది తిరిగి, విమానాన్ని తిన్నగా ఉంచుతుంది. ఆగి ఉన్నప్పుడు గాలికి కొట్టుకోకుండా దానికో చెక్క బిగిస్తాం. బయల్దేరే ముందు తియ్యాలి. నా ఉద్యోగం దాదాపు అంతే.

ఆ పొద్దున సేఠ్ గారి లెక్కలు రాసే మునీమ్‌కి ఏదో హాస్యకథ చెబుతున్నాను. నవ్వు వచ్చే చోటు దగ్గరపడింది. అన్నయ్య సీట్లోంచి మెడ తిప్పి అరిచాడు.

"ఏరా, చెక్క తీసీసేవా?"

"తీసీసేను అన్నయ్యా. పక్కా."

తియ్యలేదు. తీశాననే అనుకున్నానా? లేక కథ మధ్యలో ఆపడం ఇష్టంలేక అలా అనేశానా? ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. జెండా ఊపాను.

విమానం పరుగెత్తుతూ ఎడమకి లాగింది. సరిచేస్తాడులే అనుకున్నాను. దేంతో సరిచేస్తాడు? వేగం పెరిగేకొద్దీ ఇంకా పక్కకి తిరిగి, మైదానం అంచున ఉన్న కాలవలో ముక్కు గుచ్చుకుంది.

అందరికంటే ముందు చేరింది నేనే. పరుగులో నాకు అంతకుముందు పేరు లేదు. కాలు విరిగి ఆయన నన్ను పేరుపెట్టి పిలుస్తున్నాడు. నేను తోక దగ్గరికి వెళ్ళాను. మర విప్పాను. చెక్క ఊడదీసి బురదలో తొక్కేశాను. ఆ తరవాత మనిషి దగ్గరికి వెళ్ళాను.

పెడళ్ళు బిగుసుకుపోయాయని ఆయన చెప్పాడు. వచ్చి చూసినవాళ్ళకి పలక హాయిగా ఊగుతూ కనిపించింది. నడిపినవాడిదే తప్పన్నారు. నన్నడిగితే, చెక్క ముందే తీశానన్నాను. ఆయనకి మళ్ళీ ఎవరూ విమానం ఇవ్వలేదు. ఇప్పుడు రాయపూర్‌కి దగ్గర్లోని తిల్దాలో ఒక మిల్లులో, చంకలో కర్రతో, బస్తాలు తూయిస్తున్నాడు. కనిపిస్తే టీ ఇప్పిస్తాడు. నా జోకులకి నవ్వుతాడు. భయంతో తన కాళ్ళే బిగుసుకుపోయి ఉంటాయని ఈమధ్య తనే అంటున్నాడు. కాలు పోగొట్టింది ఒక మరుపు అనుకోవచ్చు. కానీ తన కాళ్ళ మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టింది నేను, తెలిసి, తెలివిగా.

నిన్న మా ఆవిడతో మొత్తం చెప్పేశాను. చాలాకాలానికి ఊపిరి నిండా అందింది. దాన్ని క్షమాపణ అనను, ఊపిరి అంతే.

"తిల్దాకి పొద్దున్నే బండుంది కదా. నాకు చెప్పడమేటి?" అంది ఆవిడ.