క్యారేజీ సంచిలో ప్రయాణించిన నా మడత డ్రోన్

నా మీద ఉన్న ఆరోపణ ఇది: నేను తయారు చేశానని చెప్పుకుంటున్న మడత డ్రోన్ నా చేతి పని కాదు, కూర్మన్నపాలెంలో మా నాన్నగారి స్నేహితులు చేసిపెట్టిన యంత్రానికి నా పేరు అంటించుకున్నాను. కళాశాల వక్తృత్వ వేదికపై, మైకు ముందు నిలబడి ఈ మాట అన్నది నా సహాధ్యాయి కిరణ్. సభ నవ్వింది. మరునాడు ప్రాజెక్టు కమిటీ నన్ను పిలిచి షరతు పెట్టింది. ఇంటివారు, వర్క్‌షాపువారు ఎవరూ వెంట లేకుండా వెళ్లి డ్రోన్‌ను ఎగరేయాలి. సంచిలోంచి తీసిన క్షణం నుంచి తిరిగి సంచిలో పెట్టే క్షణం వరకు ఎక్కడా కత్తిరించని వీడియో సోమవారానికల్లా అందించాలి. లేకపోతే ఆ ప్రాజెక్టు మీద నా పేరు ఉండదు. నా ప్రయాణం అలా మొదలైంది. ఇలాంటి యంత్రం పట్టుకుని విశాఖ చుట్టుపక్కల తిరగాలనుకునేవారికి నా అనుభవం పనికొస్తుంది కనుక అన్నీ వరుసగా చెబుతాను.

ముందు యంత్రం సంగతి. బరువు రెండువందల నలభై గ్రాములు. నాలుగు చేతులూ విరిగిపోయిన బ్యాడ్మింటన్ రాకెట్ల కార్బన్ గొట్టాలు, ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ ఆట కోర్టులో ఏరుకున్నవి. నడుమ రెండు ఫైబర్ పలకలు. ఆ పలకల మధ్య ఒక్కో చేయి ఒక్కో పిన్ను మీద తిరిగి, పీత కాళ్లు ముడుచుకున్నట్టు ఒంటికి అంటుకుంటుంది. అలా ముడిచాక మొత్తం ఒక టిఫిన్ క్యారేజీ సంచిలో పడుతుంది. గీతలు గీసింది, కోసింది, తీగలు అతికించింది నేనే. ఒక్క విషయం దాచను: ఆ నాలుగు ఉక్కు పిన్నులను మాత్రం నాన్నగారి స్నేహితుడు, ఉద్యోగ విరమణ చేసిన టర్నర్ దానియేలు మామయ్య తన లేత్ యంత్రం మీద తిప్పి ఇచ్చారు. కిరణ్ ఆరోపణకు ఆధారం ఈ నాలుగు పిన్నులే.

ఎక్కడ ఎగరేయాలన్నది మరో చిక్కు. యారాడ తీరం మీద ఎంత ఆశపడ్డా ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో ఆ కొండవైపంతా ఎరుపు, అంటే నిషిద్ధం. రేవు, విమానాశ్రయం చుట్టూ అంతే. అనుమతి లేని చోట ఎగరేసి ధైర్యమని పిలుచుకోవడం నాకు చేతకాదు. అచ్యుతాపురం దాటి లోపలికి వెళితే కొండ దిగువన ఒక జీడితోట ఉంది, ఆ రోజు మ్యాప్‌లో అది ఆకుపచ్చగా ఉంది. తోట యజమానితో ముందే మాట్లాడాను, కళాశాల లేఖ జేబులో పెట్టుకున్నాను.

శనివారం ఉదయం ఆరుకు పది నిమిషాల ముందు కూర్మన్నపాలెం కూడలిలో బస్సెక్కాను. ఆధార్ చూపించగానే కండక్టర్ ఆడవారికిచ్చే ఉచిత సున్నా టికెట్ ఇచ్చారు, మగవారికైతే యాభై రూపాయల లోపే. బస్సంతా అచ్యుతాపురం కంపెనీలకు మొదటి షిఫ్టుకు వెళ్లేవారే, ఒళ్లో అందరికీ క్యారేజీ సంచులే. నా సంచిని ఎవరూ రెండోసారి చూడలేదు. నా మడత రూపకల్పనకు అదే మొదటి విజయం. ఏడుంబావుకు దిగాను. అక్కణ్ణుంచి తోటకు ఆటో నూటయాభైకి కుదిరింది. నడిపే ఆయన పేరు సింహాద్రి.

"ఏటమ్మా, క్యారేజీ పట్టుకుని తోట యేపు ఎల్తన్నావ్. డూటీ ఎక్కడ?" అన్నారు.

"ఇది క్యారేజీ కాదండి. ఎగిరే యంత్రం, పైనుంచి వీడియో తీస్తుంది."

అద్దంలో నన్నోసారి చూసి, "మరి బోయినం?" అన్నారు.

తిండి సంగతే మరిచాను. ఇది చదివి వెళ్లేవారు కూడలిలోనే ఇడ్లీ కట్టించుకోండి, తోట దగ్గర ఏమీ దొరకదు.

ఎనిమిదికల్లా తోట చేరాను. కాపలా చూసే పైడమ్మ గారు రాలిన జీడిపళ్లు తట్టలోకి ఏరుతున్నారు. చెట్ల నడుమ ఖాళీ నేల మీద ఫోన్‌ను స్టాండుకు బిగించి రికార్డింగ్ మొదలుపెట్టాను. సంచిలోంచి తీశాను, నాలుగు చేతులూ విప్పాను, పైకి లేపాను. పది మీటర్ల ఎత్తు వరకు గీత గీసినట్టు వెళ్లింది. అక్కడ నిలబడి ఉండమని ఆదేశించాను. నిలబడలేదు. మొదట చిన్న వలయం చుట్టింది, తర్వాత పెద్దది, ఆ తర్వాత ఇంకా పెద్దది. మూడో చుట్టులో ఒక కొమ్మను రాసుకుంటూ పోయింది. వెంటనే ఆ ఆదేశం ఆపి, చేతి నియంత్రణలోకి తీసుకుని దింపేశాను. గడ్డిలో ఒక పక్కకు ఒరిగి పడింది. నా దగ్గర ఉన్నవి రెండు బ్యాటరీలు, ఒక్కోదానికి తొమ్మిది నిమిషాల ప్రాణం. ఇంటి పరీక్షల్లో సగం ఖర్చయిన మొదటిది దాదాపు అయిపోయింది. పది దాటితే సముద్రపు గాలి లేస్తుంది. ఆదివారం ప్రార్థనకు వెళ్లాలి, సోమవారం వీడియో ఇవ్వాలి. అంటే నాకు మిగిలింది ఆ ఉదయమే.

డ్రోన్ చేతులు వదులయ్యాయని అనుకున్నాను. కారణం సిగ్గుపడుతూ చెబుతున్నాను: 'గాల్లోనే మడత పడుతుంది' అని కిరణ్ వేసిన వెటకారం బుర్రలో తిరుగుతోంది. ప్రత్యర్థి మాటను నా పరిశీలన స్థానంలో కూర్చోబెట్టాను. దానియేలు మామయ్యకు ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేదేమో. కానీ ఆ ఫోన్ చేస్తే షరతు మీరినట్టే. చేయలేదు.

"పిన్నీ, దీన్ని కాస్త కదలకుండా పట్టుకుంటారా? చేతులు ఊపి చూస్తాను" అని పైడమ్మ గారిని అడిగాను.

ఆమె తట్ట పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని పట్టుకున్నారు. యంత్రం చేతులు నాలుగూ బిగువుగానే ఉన్నాయి. నేను ఇంకా ఊపుతూనే ఉన్నాను.

"ఏటమ్మా ఇది," అన్నారామె, "నా పిన్నీసుల్ని నాగేత్తంది."

ఆమె గాజుకు మూడు పిన్నీసులు వేలాడుతున్నాయి. ఆ మూడూ కిందికి వేలాడటం మానేసి, డ్రోన్ మడత కీలు వైపు వాలి నిలబడ్డాయి.

నా తప్పు నాకప్పుడు కనిపించింది. మా ఇంట్లో పనిబల్ల అంచుకు ఒక పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతం ఉంటుంది. స్క్రూలు, మేకులు పోకుండా నాన్నగారు అన్నీ దానికే అంటిస్తారు, మా వీధిలో సగం ఇళ్లలో అదే పద్ధతి. మామయ్య ఇచ్చిన పిన్నులను నేనూ రెండు వారాలు దానికే అంటించి ఉంచాను. ఉక్కు అయస్కాంతమైపోయింది. డ్రోన్ నడుమ ఉండే చిన్న దిక్సూచిని కీళ్లలో మామూలు స్క్రూలు ఉండగా బుధవారం సరిచేశాను, ఈ పిన్నులను గురువారం అమర్చాను. ఇంట్లో పరీక్షించినప్పుడు ఉపగ్రహ సంకేతం అందదు కనుక దిక్సూచి పనే పడలేదు. ఇక్కడ అది తప్పు దిక్కు చూపింది, యంత్రం తప్పు వైపు సర్దుకుంది, సర్దుకున్న ప్రతిసారీ వలయం పెరిగింది. పిన్నులు చేసినవారి లోపం ఇందులో ఆవగింజంత లేదు. పూర్తిగా నాదే.

ఉక్కు కాని పిన్నులు కావాలి, తోటలో దుకాణం లేదు. పైడమ్మ గారి తట్ట అంచున వెదురు బద్ద ఒకటి ఊడి వేలాడుతోంది. అడిగాను.

"తీసుకో. ఇలా తే, నాను సెక్కుతాను" అంటూ కత్తి తీశారు.

"వద్దు పిన్నీ, నేనే చెక్కాలి."

"నాను సెక్కితే ఎగరదేటి?"

"ఎగురుతుంది. కానీ నేను చేయలేదంటారు."

"అన్నోడెవుడు?"

"మా కాలేజీ అబ్బాయి."

"ఆడేటి ఎగరేసేడు?"

నేను రెండేళ్లుగా వేదికల మీద వాదిస్తున్నాను. ఇంత పొట్టి ఖండన నాకెప్పుడూ తట్టలేదు.

ఆమె కత్తి అడిగి తీసుకుని నేనే చెక్కాను, మూడు వెదురు మేకులు చెడగొట్టాక నాలుగు కుదిరాయి. బొటనవేలు తెగింది, పెద్దగా కాదు. ఉక్కు పిన్నులు తీసి పైడమ్మ గారి తట్టలో దూరంగా పెట్టాను, వెదురు మేకులు దిగ్గొట్టాను, డ్రోన్‌ను అన్ని వైపులకూ తిప్పుతూ దిక్సూచిని మళ్లీ సరిచేశాను. పదికి పావు తక్కువ. ఆకులు అప్పుడే కదలడం మొదలుపెట్టాయి. రెండో బ్యాటరీ అమర్చి, యంత్రాన్ని ముడిచి సంచిలో పెట్టి, ఫోన్‌లో రికార్డింగ్ కొత్తగా మొదలుపెట్టి, మళ్లీ తీసి విప్పాను. ముప్పై మీటర్ల ఎత్తుకు లేపి, నిలబడమన్నాను. నిలబడింది. గాలి తోస్తే కాస్త ఒరిగి తన చోటికి తాను తిరిగొచ్చింది. ఏడు నిమిషాలు తోట చివరిదాకా వెళ్లి, కొండ అంచు చూపించి, నా పాదాలకు రెండడుగుల దూరంలో దిగింది. ముడిచాను, సంచిలో పెట్టాను, రికార్డింగ్ ఆపాను.

డ్రోన్ పైనుంచి తీసిన వీడియో చూపిస్తే పైడమ్మ గారు ఫోన్ దగ్గరకు వంగారు. "ఆ మూలకి రెండు సెట్లు ఎండిపోనాయ్. ఇన్నాళ్లూ నాను సూణ్ణేదు" అని తట్ట చంకనెత్తుకుని ఆ మూలకే నడిచారు. నా యంత్రం చేసిన మొదటి ఉపయోగకరమైన పని అదే.

సాయంత్రం దానియేలు మామయ్యకు పిన్నులు తిరిగిచ్చాను. జరిగింది విని, "ముప్పై ఏళ్లు ఉక్కుతో బతికేనమ్మా. నన్ను ఎదురు బద్దతో కొట్టేవ్" అని చాలాసేపు నవ్వారు.

సోమవారం కమిటీకి ఫోన్‌లో తీసిన రెండు వీడియోలూ ఇచ్చాను, వలయాలు తిరిగి ఒరిగిపడ్డది కూడా. ప్రాజెక్టు మీద నా పేరు నిలిచింది. పైడమ్మ గారి పిన్నీసులు లేకపోతే నేను వట్టి చేతులతో తిరుగు బస్సెక్కేదాన్నని వారికి నేనే చెప్పాను. సహాయం తీసుకోవడం వేరు, చేయించుకోవడం వేరు. ఈ తేడా తెలియనివారు పనిలో ఒంటరితనాన్ని ప్రతిభ అనుకుంటారు, ఇరుగుపొరుగు సాయాన్ని మోసం అనుకుంటారు. ఉక్కు నగరంలో పుట్టినందుకు ఉక్కును నమ్మడం నాకు సహజం. నమ్మినదాన్ని పరీక్షించకపోవడం మాత్రం నా తప్పు, దాన్ని ఇంకెవరి ఖాతాలోనూ వేయను.

మీరు బయలుదేరేముందు ఒక్క పని చేయండి: దారానికి ఒక పిన్నీసు కట్టి, అసలే అయస్కాంతాలుండే మోటార్లు తప్ప డ్రోన్‌లోని ప్రతి లోహపు ముక్క దగ్గర వేలాడదీయండి. అది వాలిందంటే ఆ ముక్కను మార్చేదాకా ఇల్లు కదలకండి.

ఇక ఆరోపణ చేసినవారికీ, దానికి నవ్వినవారికీ. శుక్రవారం మధ్యాహ్నం సెమినార్ హాల్లో యంత్రం బల్ల మీద ఉంటుంది, వెదురు మేకులతోనే. రండి, మీ చేతులతో విప్పండి, మడవండి, ఊడదీయండి, అడగదలచుకున్నది అడగండి. నాది కానిది కనబడితే చూపించండి. కనబడకపోతే, ఆ మాట మైకులో అన్నారు కనుక, మైకులోనే వెనక్కి తీసుకోండి.