వదిన రోట్లో నీలి మెరుపు

రాయిని చూసి పేరు చెప్పడంలో నాకెప్పుడూ తడబాటు లేదు. భూగర్భశాస్త్రం చదివే రోజుల్లో మా రైల్వే ట్రాఫిక్ కాలనీ నుంచి స్టేషన్‌కు నడుస్తూ పట్టాల పక్క కంకరను కూడా వదిలేదాన్ని కాదు. "రాళ్ల పిచ్చిది" అని ఇంట్లో నవ్వేవాళ్లు. ఆ పిచ్చే ఒక రోలును కాపాడింది.

కొత్తగా కాపురానికి వచ్చిన మా వదిన రుబ్బురోలు తెచ్చుకుంది. చిలకా సరస్సు పక్కనున్న ఆమె పుట్టింటి స్టేషన్ నుంచి అది రైలు గార్డు పెట్టెలో వచ్చింది. ఆమె తండ్రి రైలు వంతెనలకు రాళ్లు చెక్కే మేస్త్రి. కూతురి కోసం ఆ రోలు తన చేత్తో చెక్కి, పెళ్లి చూడకుండానే పోయాడు. మా అమ్మ మాత్రం ఆయన్ను "ఆ రాళ్లు కొట్టే ఆయన" అనే అనేది.

పెరట్లో కడుగుతుంటే రోలు ఎండకు నీలంగా మెరిసింది. అది అమ్మ కంట పడింది.

"ఏటే ఇది, అబ్బరకం రాయి! పిండిలో రాలితే అందరి కడుపులూ పాడైపోతాయి. కుళాయి కాడ ఎయ్యండి, బట్టలుతుక్కుందుం."

వదిన రోలు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆమెను చూస్తే జాలి, అమ్మను చూస్తే ఒళ్లుమంట.

"అభ్రకం కాదమ్మా" అని భూతద్దం తెచ్చాను. అభ్రకమైతే పిన్నుతో గీరితే పొరలు లేస్తాయి. ఒక్క పొరా లేవలేదు. చాకు మొన కూడా గీత పెట్టలేకపోయింది. తల కాస్త పక్కకు వంచితే రాతిలోని బొటనవేలంత పలుకు మొత్తం ఒక్కసారిగా నీలంగా వెలిగింది. ఇంకాస్త వంచితే మామూలు బూడిదరంగే. దాని మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలు. ఇక అనుమానమే లేదు, అది లాబ్రడొరైట్. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారితే పుడుతుంది. ఆ మెరుపు రాలే పొడి కాదు, రాతి లోపలి పొరల్లో ఆడే వెలుగు.

"పెద్ద పెద్ద బంగళాల గోడలకు అతికిస్తారమ్మా దీన్ని" అన్నాను.

"నీ సదువు రోట్లో ఏసి రుబ్బితే పిండవుతాదేటి?"

సరే, రుబ్బే చూపిద్దామనుకున్నాను. కొత్త రోట్లో మొదట రుబ్బిన బియ్యప్పిండి పారబోయడం మావాళ్ల అలవాటు. ఈసారి పారబోయనివ్వలేదు. మెరుపు రాలి ఉంటే నలుపు మీద కనబడుతుందని, నాన్న నల్ల గొడుగు విప్పి, దాని మీద ఆ పిండి పలచగా పూసి ఎండబెట్టాను. అమ్మ గొడుగును అటు తిప్పింది, ఇటు తిప్పింది. వెతికి వెతికి చూసినా మెరిసే నలుసు ఒక్కటీ దొరకలేదు.

"గొడుగు పాడుసేసినావు" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున పొత్రం చప్పుడుకు లేచాను. వదిన మినప్పప్పు రుబ్బుతోంది. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ గోడ మీంచి తొంగిచూస్తోంది. అమ్మ రోలు పక్కనే నిలబడి, ఎలా మెరుస్తుందో చూడమని వచ్చీరాని హిందీలో ఆమెకు చూపిస్తోంది.

"దేఖో దీదీ, కైసా చమక్తా! మా ఇయ్యంకుడు సెక్కినాడు."

వదిన పొత్రం ఆపి తలెత్తింది. మా ఇంట్లో ఆమె తండ్రిని ఎవరైనా వియ్యంకుడని పిలవడం అదే మొదలు. పైటకొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ రుబ్బసాగింది.